నలభై రెండు తెప్పల దిష్టి

మొదటి రోజు. కొలకర్ర మీద నీరు ఆరు మూరలు.

ముందు నేరం రాస్తాను, తర్వాత నేరస్థుడి పేరు రాస్తాను. నేరం: తెప్పలంకలో నలభై రెండు తెప్పల మీద కాసిన వంకాయలను, ఒక్కదాన్ని కూడా కోసి చూడకుండా, పుచ్చులని తీర్పు చెప్పడం. నేరస్థుడు: మహాసంత. ముఖ్యంగా దాని కన్ను. దాని చెవికి కూడా ఇందులో చెయ్యి ఉందని నా అనుమానం. రుజువు దొరకగానే రాస్తాను.

ఇది నీటి లెక్కల పుస్తకం. రోజూ పొద్దున్నే దోనె వేసుకుని కొలకర్ర దగ్గరికి వెళ్ళి, పాయలో నీళ్ళు ఎంత లోతున్నాయో చూసి రాయడం ఊరు నాకు అప్పగించిన పని. ఆ అంకెను బట్టే తెప్పల తాళ్ళు బిగిస్తారు, వదులుతారు. ఇవాళ్టి నుంచి అంకె పక్కన మిగిలే ఖాళీలో ఈ అన్యాయాన్ని కూడా రాస్తాను. కాగితం ఊరిది, కోపం నాది.

ఈ ఊరి రైతులకు మహాసంతలో సరుకు అమ్ముకునే విద్య నేర్పింది నేను. ఎవరూ అడగలేదు, నేనే బడి పెట్టాను. నాలుగేళ్ళ కిందట లంగరు లాగుతుంటే, కింద మునిగిపోయిన ఊళ్ళోంచి ఒక రేకుపెట్టె కొక్కేనికి తగులుకుని పైకొచ్చింది. బంగారం ఉంటుందని ఊరంతా చేరింది. మూత తీస్తే కరపత్రాలు. ఊరు తిరిగి పనికి పోయింది. నేను వాటిని తెప్ప మీద ఆరబెట్టుకుని చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. వాటిలో ‘నీ సరుకుకు నువ్వే నోరు’ అనే పుస్తకమంత కరపత్రం నాకు కంఠతా వచ్చు, పద్నాలుగో పేజీ తప్ప. ఆ పేజీ నీళ్ళకు కరిగిపోయింది. దళారి నోరు మూతపడాలంటే రైతు నోరు తెరవాలన్నది దాని సారం.

మహాసంతలో దళారి లేడు. అసలు మనిషే లేడు. తెప్పకొక పలక ఇచ్చారు. పలకకు ఒక కన్ను, ఒక చెవి. రైతు తన కాయను కన్నుకు చూపించి, దాని గురించి నాలుగు మాటలు చెవికి చెప్పుకోవాలి. ఆ చూపూ ఆ మాటా ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతాయి. నచ్చినవాళ్ళు అడుగుతారు. మనిషి లేని పడవ వచ్చి పట్టుకెళుతుంది. పదిహేను రోజులు ఇదే నేర్పాను. నిన్న మధ్యాహ్నం నలభై రెండు మందీ ఎవరి తెప్ప మీద వాళ్ళు కూర్చుని చూపించారు, చెప్పారు.

ఇవాళ పొద్దున నలభై రెండు పలకలూ ఒకే గొంతుతో పలికాయి.

“తెప్పలంక సరుకు పుచ్చు. పున్నమినాడు మిట్టమధ్యాహ్నం పోటుకు ఎరువు పడవ వస్తుంది. పుచ్చు సరుకును, అది ఉన్న పాత్రతో సహా తీసుకెళుతుంది. సహకరించినందుకు ధన్యవాదాలు.”

పాత్ర అంటే ఏమిటని మా పేరంటాలత్త పలకను నిలదీశాను.

“సరుకు దేని మీద ఉందో అది,” అంది.

“అది తెప్ప.”

“అదే.”

“తెప్ప మీద మా అత్త ఇల్లుంది. పొయ్యి ఉంది. అత్త ఉంది.”

“అన్నిటినీ జాగ్రత్తగా తీసుకెళతాం,” అంది పలక.

అత్త అంటే మా నాన్న అక్క. నాకు తెప్ప లేదు. ఆమె తెప్ప మీద ఒక మూల నా చాప, నా రేకుపెట్టె. నేల మునిగిన ఏడాది గుర్రపుడెక్క మోపుల మీద వెదురు పరిచి మొదటి తట్ట బురద పోసింది ఈమేనని ఊళ్ళో చెబుతారు. ఏటా ఒక పొర పోస్తూనే ఉంది. ముప్పై పొరలు. అది పొలమూ కాదు, పడవా కాదు. ఆమె అరికాళ్ళకు తెలిసిన ఒకే ఒక నేల.

ఎరువు పడవ మా పాయలోకి రావాలంటే ఎనిమిది మూరల నీళ్ళు కావాలి. పున్నమికి ఇంకా వారం. ఇన్నాళ్ళూ ఈ అంకె తాళ్ళ కోసం రాశాను.

రెండో రోజు. ఆరు మూరల బెత్తెడు.

మహాసంత చెవి పొద్దున ఆరింటికి తెరుచుకుని మధ్యాహ్నం మూడింటికి మూసుకుంటుంది. సరిగ్గా ఆరింటికి అప్పీలు పెట్టాను. తీర్పుకు ఆధారాలేమిటి అన్నాను.

“రెండు,” అంది. “కన్ను పుచ్చు చూసింది. చెవి ఒప్పుకోలు విన్నది.”

“ఎవరి ఒప్పుకోలు?”

“రైతులది. వినిపించమంటారా?”

వినిపించమన్నాను. మొదట వచ్చింది మా అత్త గొంతే. తాపీగా, చక్కగా, నేను నేర్పినట్టే పేరు, ఊరు చెప్పుకుని మొదలుపెట్టింది. “ఏం కాయలమ్మా, అన్నీ పుచ్చులే. ఈ ఏడు కాపు కాపు కాదు. పంది కూడా మూతి పెట్టదు. మీ ఇష్టం, తింటే తినండి, లేకపోతే లేదు.”

తర్వాత భూషయ్య మామ. “నా వంకాయలా? అబ్బే. పారబొయ్యటానికి కూడా బద్ధకమై అట్టా ఉంచా.”

నలభై రెండూ విన్నాను. ఒకరిని మించి ఒకరు. నేను నేర్పిన పాఠంలో ఒక్క మెచ్చుకోలు మాట లేదు. బడిలో నా ఎదుట “మా వంకాయ మేలైన వంకాయ” అని గొంతెత్తి పలికినవాళ్ళే.

అత్త వంకాయలు కోస్తోంది. వెళ్ళి ముందు నిలబడ్డాను.

“పంది మూతి పెట్టదా అత్తా?”

“ఇన్నావా? బాగా చెప్పానా?”

“ఊరి కొంప ముంచావు. అమ్ముకునేటప్పుడు మన కాయని మనం మెచ్చుకోవాలని పదిహేను రోజులు గొంతు చించుకున్నాను.”

“బడిలో అంటే నీ ముచ్చట తీర్చటానికి అన్నాం. నిజంగా అంటారటే ఎవరన్నా?” అత్త కాయను తొడిమ దగ్గర తుంచింది. “చూడు పిల్లా. ఎవరి కన్నో పడితే ఉప్పు, మిరపకాయ తిప్పి దిష్టి తీసెయ్యొచ్చు. మన కాయని మనమే పొగుడుకుంటే పడే దిష్టికి తీసే దారి లేదు. సాంబయ్య సంగతి తెలవదా నీకు?”

తెలుసు. ఊరంతా తెలుసు. సాంబయ్య ఒక పొద్దున తన సొరకాయ పక్కన నిలబడి, ఇంత కాయ ఈ పాయలో ఎవడు కాయిస్తాడు అన్నాడట. సాయంత్రానికి తెప్ప తిరగబడింది. సొరకాయలు తేలాయి, సాంబయ్య కూడా తేలాడు, కానీ ఆ రోజు నుంచి ఈ ఊళ్ళో ఎవరూ తమ దాన్ని తాము బాగుందని అనరు. పెళ్ళిలో పిల్ల తండ్రి కూడా “ఏదో, ఉంది” అంటాడు. ఆ సంగతి నాకు గుర్తు రాకపోవడం నా తప్పు. నా కరపత్రాల్లో దిష్టి గురించి ఒక్క వాక్యం లేదు. పద్నాలుగో పేజీలో ఉందేమో.

మూడో రోజు. ఆరు మూరల రెండు బెత్తెలు.

చెవి సంగతి తేలింది కాబట్టి కన్ను మీద పడ్డాను. మాటలంటే అబద్ధమనుకుందాం, కళ్ళెదుట నిగనిగలాడే కాయలో పుచ్చు ఎక్కడ కనిపించింది, చూపించు అన్నాను. మహాసంత నలభై రెండు బొమ్మలు పంపింది. ప్రతి కాయ మీదా ఒక ఎర్ర సున్నా గీసి ఉంది. సున్నా లోపల నల్లటి చిన్న బెజ్జం.

నేను అరగంట చూశాను. నాకు పుచ్చు కనిపించలేదు. చక్కటి వంకాయ కనిపించింది. మళ్ళీ చూశాను. అప్పుడు ఆ బెజ్జం కనిపించింది, కనిపించాక మరి పోలేదు.

అది కాటుక.

అత్త ప్రతి కాయకూ బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టింది. అత్తే కాదు, నలభై రెండు మందీ పెట్టారు. కన్ను దాన్ని పురుగు తొలిచిన రంధ్రం అనుకుంది. నేను పక్కనే ఉన్నాను, పలక సరిగ్గా పట్టుకోమని, వెలుతురు మొహాన పడేలా తిప్పమని చెబుతూనే ఉన్నాను. చుక్క నా కళ్ళకు ఆనలేదు. ఎలా ఆనుతుంది? ఈ ఊళ్ళో పిల్లకు చుక్క, కొత్త కుండకు చుక్క, దోనె ముక్కుకు చుక్క. నేను రోజూ చూసే కొలకర్రకు కూడా తొమ్మిదో మూర దగ్గర చుక్క ఉంది. చుక్క లేని వంకాయను చూస్తే నాకు ఏదో తక్కువైనట్టుంటుంది.

నేరస్థుల జాబితాలో నా పేరు చేరుస్తున్నాను. మొండ్రు మంగతాయారు, నీటి లెక్కల మనిషి, వయసు పంతొమ్మిది. కన్ను పేరు తీసెయ్యడం లేదు. కాటుకకూ పుచ్చుకూ తేడా తెలియని కన్ను కూడా ఒక కన్నేనా?

చుక్కలు తుడిచి మళ్ళీ చూపిద్దాం అన్నాను. అత్త కత్తిపీట పక్కన పెట్టింది.

“ఎన్ని కళ్ళు చూస్తయ్యన్నావు ఆ పలకలోంచి?”

“కోట్లు అత్తా. అదే కదా గొప్ప.”

“కోటి కళ్ళ ముందర చుక్క లేకుండా నిలబెడతావా దాన్ని? పది మంది పేరంటానికి పోతేనే పసిపిల్లకి చుక్క పెడతామే.”

నాకు కోపం వచ్చింది. సరుకును లోకానికి చూపించడమంటే లోకం కళ్ళన్నిటినీ సరుకు మీదికి పిలవడమే. నా కరపత్రం దాన్ని ప్రచారం అంటుంది. అత్త దిష్టి అంటుంది.

నాలుగో రోజు. ఆరున్నర.

రాజీ ప్రయత్నాలు చేశాను. అన్నీ రాస్తున్నాను.

మొదటిది, చుక్కను కాయ వెనక పెట్టమన్నాను. “ఎనకాల పెడితే చూసేవాడి కన్నుకి ఎట్టా తగులుద్దే?” అంది అత్త. ఆమె లెక్క ప్రకారం అది సరైన మాటే.

రెండోది, చుక్క కాయకు కాకుండా రైతు బుగ్గకు పెట్టమన్నాను. దీనికి భూషయ్య మామ ఒప్పుకున్నాడు. ఆయనకు డెబ్బై ఏళ్ళు. బుగ్గన ఇంత కాటుక చుక్కతో, చేతిలో చుక్క లేని కాయతో పలక ముందు కూర్చున్నాడు. పలక చాలాసేపు చూసింది.

“సరుకు బాగుంది. రైతు పుచ్చు.”

“ఏంటంటది?” అన్నాడు మామ.

“రైతును కూడా ఎరువు పడవలో చేర్చాలా? చేర్చాలంటే ఒకసారి దగ్గండి.”

నేను మామ నోరు అదిమి పట్టుకున్నాను. మనిషికి నిత్యం దగ్గు. చెయ్యి తీశాక ఆయన తాపీగా బుగ్గ తుడుచుకున్నాడు. “ఎరువుగా నేను ఏ పంటకి బాగా పనికొస్తానో అడక్కపోయావా,” అన్నాడు.

మూడోది, మెచ్చుకోలు మాటలు నేనే రాసి ఇచ్చాను, చదివితే చాలన్నాను. రాసింది నేను కాబట్టి చదివినవాళ్ళకు దోషం సగమే అని కొందరు తేల్చుకున్నారు. చదివారు. కాకపోతే వాక్యం వాక్యానికీ పక్కకు తిరిగి థూ థూ అని మూడుసార్లు ఉమ్మారు. “మా వంకాయ లేతది. థూ థూ థూ. మా వంకాయ తియ్యనిది. థూ థూ థూ.” మూడు గంటలకు చెవి మూసుకునే ముందు జవాబు వచ్చింది: రుచి చూసిన రైతులే ఉమ్మివేస్తున్నట్టు నమోదైంది.

పలకను పాయలో విసిరేశాను. తేలుతుందట. భూషయ్య మామ గెడతో లాక్కొచ్చి ఇచ్చాడు.

అయిదో రోజు. ఆరు మూరల అయిదు బెత్తెలు.

తెప్పలంకకు బహుమతి వచ్చింది.

పొద్దున మనిషి లేని చిన్న పడవ ఒక పూలదండ, ఒక బిళ్ళ పట్టుకొచ్చింది. బిళ్ళ మీద ‘నిజాయితీ: నూటికి నూరు’ అని ఉంది. పలక వివరంగా చెప్పింది. మహాసంతలో ఎన్నో లక్షల మంది అమ్ముకునేవాళ్ళున్నారట. అందరూ తమ సరుకే గొప్పదంటారట. తమ సరుకును తామే తిట్టుకున్న ఊరు మహాసంత పుట్టాక ఇదొక్కటేనట. అందుచేత తెప్పలంక మనిషి ఏ మాటన్నా మహాసంత ఇక పరీక్షించకుండా నమ్ముతుందట.

ఊరు సంబరపడింది. దండ కొలకర్రకు వేశారు. నేను పలకతో అన్నాను:

“మంచిది. అయితే నేను చెబుతున్నాను. మా వంకాయలు పుచ్చులు కావు.”

“మీకు వంకాయలున్నాయా?”

“నాకు లేవు. మా అత్తవి.”

“మీ అత్త పుచ్చు అన్నారు. ఆమె నిజాయితీ నూటికి నూరు. అంత నిజాయితీ గలవారి మాట మీద అప్పీలు ఉండదు. అభినందనలు.”

అత్తను చెయ్యి పట్టి లాక్కొచ్చి పలక ముందు నిలబెట్టాను. ఒక్క మాట అత్తా, బాగున్నాయి అను, చాలు. అత్త పలకను చూసింది. తన తెప్పను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నోరు తెరిచింది.

“ఏదో, ఉన్నయ్యి,” అంది.

ఆరో రోజు. ఏడు మూరలు.

రాయడానికేమీ లేదు. తాళ్ళు బార చొప్పున వదలమని చెప్పాను.

ఏడో రోజు. ఏడున్నర.

రేపు పున్నమి. ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

మధ్యాహ్నం రెండు దాటాక అత్త చీర బిగించి, తెప్ప అంచున కూర్చుని ముడి విప్పుతోంది. ఎక్కడికి అంటే, “సముద్రం వైపు,” అంది. “నా నేలని ఎరువు చెయ్యనిస్తానా? వదిలేస్తే అదే పోద్ది. నువ్వు భూషయ్య తెప్ప మీదకి పో.” గుర్రపుడెక్క తెప్ప అలలకు ఒక పూట నిలబడదు. ఆ సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు.

ముడి రాలేదు. అది అత్త తెప్పకూ వీరరాఘవులు బాబాయి తెప్పకూ మధ్య ముడి. బాబాయి మా పక్క తెప్ప. పదకొండేళ్ళ కిందట గాలివానలో అత్త అడక్కుండా ఆయన గుంజకు తాడు కట్టింది. అడక్కుండా కట్టావేం అన్నాడాయన. గాలివానలో దరఖాస్తు పెట్టాలా అంది అత్త. అప్పటి నుంచి మాటల్లేవు. ముడి ఎవరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. అందుకని ఇద్దరూ విప్పలేదు. పదకొండేళ్ళ తడికి అది ముడిలా లేదు, రాయిలా ఉంది.

అత్త కత్తిపీట తెచ్చింది. ఎదుటి తెప్ప మీద బాబాయి లేచి నిలబడ్డాడు.

“నా గుంజకున్న తాడు నువ్వు కొయ్యటానికి లేదు.”

పదకొండేళ్ళకు మొదటి మాట అది. అత్త తలెత్తలేదు.

“తాడు నాది.”

“గుంజ నాది. అయినా పోయేదానివి ఆనాడే పోవాల్సింది. నా బతుకు బాగుండేది.”

“నీ బతుక్కి నేనేం అడ్డమొచ్చా?”

“నువ్వు కాదు, నీ వంకాయ.” బాబాయి గొంతు మారింది. “మా ఇంటిది కోటమ్మ నా కాయ కోసి మూడేళ్ళయింది, తెలుసా? తడిక సందులోంచి నీ తెప్ప మీద చెయ్యి పెట్టి నాలుగు కోసుకొచ్చుద్ది. నాకు తెలవదనుకుంటది. వండుద్ది. నేను తింటా. తిని ఏడుస్తా. నూనె చుక్క లేకుండా మగ్గుద్ది, గింజ నోటికి తగలదు. ఇదే పాయ, ఇదే బురద, ఇదే గుర్రపుడెక్క. నా కాయెందుకట్టా కాదు? పదకొండేళ్ళుగా నీ వైపు తిరిగి పడుకోలా నేను, పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఆ కాపు కనపడుద్దని.”

“నా కాయలు దొంగతనంగా తింటన్నావా?”

“తింటన్నా. నువ్వుంటే ఇంకా తింటా.”

అత్త కత్తిపీట దించింది. అప్పుడు నా ఒళ్ళోంచి మాట వినిపించింది. పలక నా ఒళ్ళోనే ఉంది. మూడింటికి ఇంకా అయిదు నిమిషాలుంది. చెవి తెరిచే ఉంది.

“సాక్షి నిజాయితీ నూటికి నూరు,” అంది పలక. ఆగింది. ఇన్నాళ్ళలో అది ఆగడం నేను చూడలేదు. “అమ్మేవారు పొగడటం మాకు తెలుసు. కొనేవారు పొగడటం తెలుసు. ఒకరి సరుకు చూసి ఇంకొకరు నిద్రపోకపోవడం మా దగ్గర నమోదు లేదు. ఇది అన్నిటికంటే పై తరగతి రుజువు. పేరంటాలు గారి తెప్ప: మేలు రకం. ఎరువు జాబితా నుంచి తొలగించాం. కాయ మీద కనిపించే రంధ్రం సంగతి మేము పట్టించుకోము.”

నేను ఎగిరి గంతేశాను. అత్త మాత్రం మొహం పాలిపోయి ఇంట్లోకి పరుగెత్తింది. గుప్పెడు ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు తెచ్చి, తెప్ప చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. అందరం ముక్కు మూసుకున్నాం. ఘాటు రాలేదు. ఒక్కరూ దగ్గలేదు, భూషయ్య మామ కూడా.

“చూశావా, ఎంత దిష్టి తగిలిందో,” అంది అత్త. ఆ తర్వాత నెమ్మదిగా కూర్చుంది. “పోయిందిలే. వేరేవాళ్ళ కన్ను కాబట్టి పోయింది.”

అప్పుడు నాకు తట్టింది. ఆ కాసేపు నేను ఏ కరపత్రం గురించీ ఆలోచించలేదు. మన కాయను మనం పొగడకూడదు, దానికి విరుగుడు లేదు. పక్కవాడు ఏడిస్తే విరుగుడు ఉంది, గుప్పెడు ఉప్పు. మహాసంతకు కావలసింది కూడా పక్కవాడి ఏడుపే. ఊరి కట్టు తప్పకుండా ఊరిని నిలబెట్టే దారి పదకొండేళ్ళుగా తడికకు అటూ ఇటూ ఉంది. నలభై రెండు పలకల ముందు నేను నేర్పాల్సిన పాఠం అదే.

పలకకు ఆ మాట చెప్పబోయాను. మూడయింది. చెవి మూసుకుంది. ఒక తెప్ప మిగిలింది, నలభై ఒకటి పోయేవి.

బాబాయి తన తెప్ప అంచున కూర్చుని ఉన్నాడు.

“మరి నాదో?” అన్నాడు. “నా కాయ చూసి ఏడ్చేదెవరు? కోటమ్మే ఏడవదు.”

అందరం అత్త వైపు చూశాం. అత్త పొయ్యిలో బూడిద కదుపుతోంది.

“నేనొకర్ని చూసి ఏడ్చే రకం కాదు,” అంది.

సాయంత్రం దాకా తెప్ప తెప్పకూ తిరిగాను. చెప్పాను. చాలామంది నవ్వారు, కొందరు సిగ్గుపడ్డారు, ఇద్దరు తమ మనసులో ఎవరి తెప్ప ఉందో చెవిలో చెప్పారు. తిరిగి వచ్చేసరికి అత్త వంకాయలు తరుగుతోంది. నన్ను చూడకుండానే అంది:

“నా కాయ కూరకేనే తాయారూ. కాలిస్తే నీరు కారుద్ది. పచ్చడికి పనికిరాదు.”

“అవునా అత్తా.”

“రాఘవులు కాయ చిన్నది, గట్టిది. నిప్పుల మీద పెడితే తోలు ఒలిచి చేతికొచ్చుద్ది. గొడవకి ముందు కోటమ్మ గిన్నెడు పచ్చడి పంపేది.” ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది. “పదకొండేళ్ళయింది వంకాయ పచ్చడి నోట్లో పెట్టి. వాళ్ళ తెప్ప మీద కాయ కాలే వాసనొచ్చినప్పుడల్లా నేను తడిక మూసుకుంటా.”

నేను కత్తిపీటకు ఎదురుగా కూర్చున్నాను.

“ఆ మాట రేపు పలకకు చెబుతావా?”

“చెవి ఎన్నింటికి తెరుచుకుంటదన్నావు?” అంది అత్త.

ఈ పేజీ చించి కొలకర్రకు కడుతున్నాను. నీటి పుస్తకంలో పేజీ చించడం తప్పు. ఆ తప్పు నా పేరు మీద రాసుకోండి.

తెప్పలంక వాసులారా. రేపు మధ్యాహ్నానికి ఈ కర్ర మీద నీరు ఎనిమిది మూరలు దాటుతుంది. ఎరువు పడవ వస్తుంది. దానికి మన తెప్పలు పాత్రలు. మనకు అవి నేల. ఒక్కటి కూడా పోకూడదు.

మీ కాయను మీరు పొగడక్కర్లేదు. నేను ఇక అడగను. చుక్క తుడవక్కర్లేదు, ఉంచండి. మీరు తేవలసింది ఒక్కటే. ఎవరి కాపు చూసి ఏ రోజైనా మీ కడుపు మండి ఉంటే ఆ మంట తీసుకురండి. పాతదైనా ఫరవాలేదు. ఎవరి లంగరు తాడును చూసో, ఎవరి దోనె రంగును చూసో ఏడ్చింది వద్దు, వంకాయ మీద ఏడుపు కావాలి. నిజమైనది కావాలి, మన నిజాయితీకి నూటికి నూరు వచ్చింది. ఒకరు ఏడ్చాక, ఆ తెప్పవాళ్ళు వెంటనే దిష్టి తీసుకోవాలి. తర్వాత ఇంకొకరు. ఆరు గంటల్లో నలభై ఒక్క తెప్పలు, కాబట్టి ఏడుపు క్లుప్తంగా ఉండాలి. తిట్లు తగ్గించండి.

నా కాయ చూసి ఏడ్చేవాళ్ళెవరూ లేరని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. అలా మిగిలిన తెప్పలన్నిటికీ నేను ఏడుస్తాను. నాకు తెప్ప లేదు. తట్టెడు బురద లేదు, నాది అని ఒక మొక్క లేదు. రోజూ పొద్దున్నే దోనె మీద మీ అందరి కాపూ దాటుకుంటూ ఈ కర్ర దగ్గరికి వస్తాను. మీ నలభై రెండు తెప్పల్లో నేను చూసి ఏడవనిది ఒక్కటి కూడా లేదు. ఈ మాట ఏ కరపత్రంలోంచీ తీసింది కాదు.

పలక, గుప్పెడు ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు వెంట తెచ్చుకోండి. వీరరాఘవులు బాబాయి, కోటమ్మ పిన్ని ముందు వరసలో కూర్చోవాలి, పేరంటాలత్త మొదట మాట్లాడుతుంది.

అందరూ రండి. రేపు పొద్దున సరిగ్గా ఆరు గంటలకు, కొలకర్ర దగ్గర.